అద్దెకున్న చట్టం

మా ఊళ్ళో చట్టానికి సొంత ఇల్లు లేదు.
ఇటు లాండ్రీ, అటు చేపల ఎరలమ్మే వెర్లిన్ కొట్టు,
మధ్యలో మూడు గదుల వాటాలో అద్దెకుండేది.
నెలనెలా వాషింగ్టన్ నుంచి చెక్కు వచ్చేది,
కారే పైపు మాత్రం కారుతూనే ఉండేది.

వయోమింగ్‌లో ఈ మూల
తుపాకీ అంటే తాళంచెవుల గుత్తి.
మరిచిపోయి బయల్దేరితే
సగం దారి నుంచి వెనక్కొస్తారు.

నేను కాపలా మనిషిని.
పదకొండేళ్ళు ఆ గుమ్మంలో నిలబడ్డాను.
బోర్డు కంటికెదురుగా ఉండాలని,
కనబడకపోతే కేసు నిలవదని
శిక్షణలో చెప్పారు.
అందుకే మంచు పడ్డ ప్రతి ఉదయం
పిల్లాడి మూతి తుడిచినట్టు
ఆ బోర్డు తుడిచేదాన్ని.

సొంతదైనా సరే, అద్దెదైనా సరే,
సర్కారు పనిచేసే కట్టడంలోకి ఆయుధం రాకూడదు.
ఆ "అద్దెదైనా సరే" దగ్గరే అందరికీ పేచీ.
గోడకి ఈ పక్క నేరం,
ఆ పక్క వానపాముల డబ్బాలు.
మరి గోడ ఎవరిదని ఒక కుర్రాడు నిలదీశాడు.
లీజు కాగితం తీసి చూశాను:
లోపలి సున్నం మాది, ఇటుక ఓనరుది.

నీ నడుముకున్నదేమిటని కూడా అడిగాడు.
ఇది తుపాకీ కాదు, ఉద్యోగం అన్నాను.
వాడు నవ్వలేదు.
ఇంటికెళ్ళి తల్చుకుంటే నాకూ నవ్వు రాలేదు.

జనవరిలో వచ్చాడు ఆర్లిస్ బెక్‌స్ట్రాండ్,
ఎనభై ఒకటి, కనుబొమల మీద మంచు.
భార్య నెల్డా పోయింది,
ఆమె పింఛను ఆపించాలి.
కోటు కింద రివాల్వర్.
అదీ ఆమెదే,
కాలు విరిగిన గుర్రానికోసారి,
గొర్రెల దొడ్లో దూరిన తోడేలుకోసారి
ఆమే పేల్చిందట.

ట్రక్కులో పెట్టి రమ్మన్నాను.
వెళ్ళాడు. వచ్చాడు.
ట్రక్కు తలుపుకి తాళం పడదు.
మళ్ళీ వెళ్ళాడు. సీటు కింద దాచబోయి
దాన్ని అక్కడ వదిలి రాలేక
మళ్ళీ వచ్చాడు.
బయట సున్నాకి ఇరవై కింద.
రూలు నా నాలుక మీదే గడ్డకట్టింది.

చివరికి వెర్లిన్ తీసుకున్నాడు.
ఎరల ఫ్రిజ్‌లో, వానపాముల పక్కన,
జేబురుమాల్లో చుట్టి పెట్టాడు.
గోడకి అటు ఆమె తుపాకీ,
ఇటు ఆమె పేరు కొట్టేస్తున్న కలం,
మధ్యన జానెడు ఇటుక.
లాండ్రీలో ఎవరివో దుప్పట్లు
ధన్ ధన్‌మని తిరుగుతున్నాయి.
ఆర్లిస్ సంతకం వంకరపోయింది,
ఇంకో ఫారం ఇచ్చారు.

జూన్ ముప్పయ్యిన లీజు తీరింది.
ఆఫీసు నూట నలభై మైళ్ళ అవతలికి పోయింది.
సాయంత్రం అయిదింటికి బోర్డు ఊడదీశాను.
నాలుగు స్క్రూలు.
నాలుగోది తుప్పుపట్టి రాలేదు,
చట్టం కాసేపు
ఒంటికాలి మీద వేలాడింది.

తెల్లారేసరికి ఆ గదిలో నేరం లేదు.
అదే తివాచీ, అదే కాఫీ మరక.
ఎవరైనా ఏదైనా పట్టుకుని రావచ్చు.
ఎవరూ రాలేదు.

నేనిప్పుడు వెర్లిన్ దగ్గర
వానపాములు లెక్కపెడుతున్నాను.
జూలైలో ఆర్లిస్ వచ్చాడు,
చేతిలో నెల్డా పేరు మీద వచ్చిన ఉత్తరం.
ఏమీ అడక్కుండా
జేబురుమాలు మూట కౌంటరు మీద పెట్టాడు.
ఆఫీసు ఎత్తేశారు కదా,
ఇప్పుడు లోపలికి తీసుకెళ్ళచ్చు అన్నాను.

విన్నాడు. తల ఊపాడు.
మూట నా వైపు ఇంకాస్త జరిపాడు.

పెయింటర్ల నిచ్చెనలు దాటుకుంటూ
ఖాళీ గదిలోకి వెళ్ళి
కౌంటరు ఉండిన చోట
టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.
ఆరు నిమిషాలు. నేను గడియారం చూశాను,
పాత అలవాటు.

తిరిగొచ్చి చల్లబడ్డ మూట తీసుకుని
ఒక డజను వానపాములు కూడా ఇమ్మన్నాడు.
ఆయనకి చేపలు పట్టడం రాదు.
లెక్కపెట్టి పదమూడు వేశాను.